యాభై నాలుగో ఏట ఈత

ఆ సంవత్సరం బడులు తెరిచిన రెండో వారంలో, ఆరో తరగతి గది గుమ్మం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. చేతిలో హాజరు పుస్తకం ఉంది, సుద్దముక్క ఉంది. పిల్లలు లేచి నిలబడి "నమస్తే మిస్" అన్నారు. నేను లోపలికి అడుగు వేయలేకపోయాను. ఒళ్ళంతా చెమట పట్టింది, ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని వెనక్కి నడిచి, టీచర్ల గదిలో కుర్చీలో కూలబడ్డాను. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా అలాగే ఉన్నాను.

అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. చింతామణి నుంచి మురుగమల్ల వెళ్ళే దారిలో ఒక పల్లె బడి అది, నేను చెప్పేది సైన్సు. నాకు యాభై నాలుగేళ్ళు. ఇంట్లో చెప్పుకోదగిన కష్టమేదీ లేదు. మా ఆయన మల్బరీ, టమాట పండిస్తాడు. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ నెలకు రెండుసార్లు వచ్చి వెళుతుంది. ఏ కారణమూ లేకుండా ఇలా అయిందేమిటన్న సిగ్గు నన్ను ఎక్కువ కుంగదీసింది. ఎవరైనా పోయి ఉంటే, ఏదైనా నష్టం వచ్చి ఉంటే, నలుగురికీ చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. నాకు ఆ మాట కూడా లేదు.

చిక్కబళ్ళాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. నా కూతురి వయసే ఉంటుంది ఆమెకు. అంతా విని, "ఇది జబ్బమ్మా, సోమరితనం కాదు. ముందు ఆ సిగ్గు వదిలిపెట్టండి" అని మాత్రలు రాసిచ్చింది. లేచి వస్తుంటే ఇంకో మాట అంది. "నాలుగు గోడల మధ్య కూర్చోవద్దు. రోజూ కొంచెం సేపు బయట ఉండండి."

నాకు లోపల నవ్వు లాంటిది వచ్చి పోయింది. మా ఇల్లే తోటలో ఉంది. గడప దాటితే మల్బరీ చెట్లే. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేశాను. పొద్దున లేచి వంట చేసి, స్కూటీ ఎక్కి బడికి పోయి, సాయంత్రం నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఆ గడప అవతల ఏముందో తల ఎత్తి చూసిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. అందుకే ఆ మాట పట్టించుకోలేదు. బడికి రజ, అంటే సెలవు, పెట్టి, మాత్రలు వేసుకుని, కిటికీ మూసిన గదిలో పడుకున్నాను. మాత్రలకు నిద్ర వచ్చింది, ఏడుపు ఆగింది. కానీ ఆ ఏడుపు పోయిన చోటికి మరేదీ రాలేదు. అన్నం తింటే అన్నం రుచి లేదు. కూతురు ఫోన్ చేస్తే గొంతులో సంతోషం తెచ్చిపెట్టుకుని మాట్లాడేదాన్ని, ఫోన్ పెట్టేశాక అలిసిపోయేదాన్ని.

ఆ ఏడు వానలు మాత్రం మా తాలూకా ఎన్నడో మరిచిపోయిన తీరున కురిశాయి. చెరువులు నిండి, నీళ్ళు మరవల మీద పొర్లి కాలవల్లోకి పారాయి. మా తోట మూలన ఒక పాత బావి ఉంది. మా ఆయన తాత తవ్వించిన నాలుగు పలకల రాతి బావి. నేను కోడలిగా వచ్చేనాటికే అది ఎండిపోయింది. బోర్లు పాతాళానికి పోయిన నేలలో బావికి ఊట ఎక్కడిది? నాకు తెలిసి అది టమాట కట్టెలు, విరిగిన పట్టుపురుగుల తట్టలు, పాత సీసాలు పారేసే గుంట. ఒకవైపు గోడ రాళ్ళు కూడా జారిపోయాయి. "ఎండలు రాగానే జేసీబీ పిలిచి పూడిపించేస్తా, ఆడ పూలషెడ్డు వేస్తా" అని మా ఆయన ఏడాదిగా అంటున్నాడు. ఆ బావిలోకి ఆ ఆగస్టులో నీళ్ళు ఊరాయి. పారేసిన చెత్తంతా పైకి తేలితే కూలీలు తీసి గట్టున పోశారు. వారం తిరిగేసరికి నీళ్ళు తేటపడి, పైనుంచి ఆరో మెట్టు దాకా వచ్చాయి. ఈ సంగతులన్నీ మా ఆయన వచ్చి చెప్పేవాడు. నేను లేచి చూడలేదు.

అప్పుడు వచ్చింది మా వదిన. మా ఆయనకు అక్క, ఆయనకంటే పదేళ్ళు పెద్దది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బాగేపల్లిలో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, కర్ర లేకుండా నడవలేదు. అయినా బస్సులు మారి, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సీతాఫలాల సంచితో మధ్యాహ్నం ఎండలో దిగింది. వచ్చినవాళ్ళందరూ నా మంచం పక్కన కూర్చుని "ఏమైందమ్మా నీకు" అని అడిగేవాళ్ళు. ఆమె అడగలేదు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి అంది.

"బావిలో నీళ్ళు వచ్చినాయంట గదా. చూసొద్దాం రా."

"నాకు చేతకాదు వదినా. నువ్వు పోయి చూసిరా."

"నాకు మాత్రం చేతనవుతుందా? ఈ కాళ్ళతో ఆ గెనాల గట్ల మీద నేనొక్కదాన్నే యాడ పోతా? పడితే ఎత్తేవాళ్ళెవరు?"

ఆమె పడుతుందేమోనని లేచాను. నా కోసమైతే లేచేదాన్ని కాదు.

బావి దగ్గరికి పోయేసరికి ముందు వినిపించినవి పిట్టల అరుపులు. బావి మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు ఉంది. దాని కొమ్మల నిండా గిజిగాళ్ళ గూళ్ళు. కొన్ని పూర్తయినవి, కొన్ని సగం అల్లినవి, పచ్చగడ్డి పోచలతో అల్లినవి కాబట్టి ఇంకా పచ్చగానే ఉన్నాయి. కింద నీళ్ళలో వాటి నీడలు. పసుపు తలల మగపిట్టలు ఒకటే గోల. వదిన కర్ర పక్కన పెట్టి, పిరుదుల మీద జరుగుతూ ఒక్కొక్క మెట్టే దిగి, నీళ్ళలో పాదాలు పెట్టి కూర్చుంది. నన్నూ కూర్చోమంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వేలెడు చేపపిల్లలు వచ్చి నా కాళ్ళను ముట్టి చూసి పోయాయి. ఎప్పుడో మరవ పారినప్పుడు కాలవలో కొట్టుకొచ్చి ఉంటాయి. గంట తర్వాత ఇంటికి వచ్చాం.

మర్నాడు కూడా పోయాం. ఆ మర్నాడూ పోయాం. మెట్టు మీద ఒక కప్ప ఉండేది. ఇరవై ఆరేళ్ళు బోర్డు మీద కప్ప బొమ్మ వేశాను. గుండెకు ఎన్ని గదులో, చర్మంతో ఎలా ఊపిరి తీస్తుందో నిద్రలో అడిగినా చెబుతాను. కానీ కప్ప గొంతు కింద చర్మం అంత వేగంగా కొట్టుకుంటుందని, ఆ కళ్ళ చుట్టూ బంగారు రంగు గీత ఉంటుందని ఆ మెట్టు మీద కూర్చున్నాకే చూశాను. చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియలేదు.

మూడో రోజో నాలుగో రోజో, ఒక ఆడపిట్ట వచ్చి సగం అల్లిన గూటి మీద వాలింది. గూడు కట్టిన మగపిట్ట తలకిందులుగా వేలాడి, రెక్కలు టపటపలాడిస్తూ ఎంత హడావుడి చేసిందో! ఆడపిట్ట గూట్లోకి తల పెట్టి చూసింది, పోచ ఒకటి ముక్కుతో లాగింది, అది ఊడొచ్చింది. అంతే, ఎగిరిపోయింది. మగపిట్ట అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

"పాపం చూడు," అంది వదిన. "పెండ్లిచూపులకు వచ్చి కాఫీ గూడా తాగకుండా పాయె."

నేను నవ్వాను. గట్టిగా, కడుపు పట్టుకుని నవ్వాను. బావిలో ఆ నవ్వు మోగింది. అది నా నవ్వేనని తెలిసి ఉలిక్కిపడి ఆగాను. వదిన నావైపు చూడలేదు. నీళ్ళవైపే చూస్తూ, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నెలల తర్వాత నవ్విన నవ్వు అది.

ఆ మర్నాడు మెట్ల మీద కూర్చున్నాక వదిన చీర కుచ్చెళ్ళు వెనక్కి తీసి గోచీలా బిగించింది. నేను ఏమిటని అడిగేలోపలే ఆరో మెట్టు, ఏడో మెట్టు దిగింది. నడుము దాకా నీళ్ళు. తర్వాత ముందుకు వంగి, చేతులు చాచి, నీళ్ళ మీద పడుకుంది.

"వదినా!" అని కేకపెట్టాను.

ఆమె అప్పటికే బావి నడుమ ఉంది. చప్పుడు లేదు, నీళ్ళు చిందలేదు. నెరిసిన ముడి ఒకటి నీళ్ళ మీద జరుగుతూ పోయింది. అవతలి గోడ ముట్టుకుని, తిరిగి, నావైపు వచ్చింది. మెట్టు పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది. ముఖం చూస్తే పదేళ్ళ పిల్ల.

"మరిచిపోలేదు చూడు," అంది. "మా నాయన నేర్పించినాడు, ఈ బావిలోనే. ఏడేండ్లప్పుడు. పెద్దమనిషినైనాక దిగొద్దనిరి. ఒళ్ళు మరిచిపోయి ఉంటుందనుకుంటి. మరిచిపోలేదు!"

"మోకాళ్ళ నొప్పి?"

"నీళ్ళలో మోకాళ్ళకు పనేమి ఉండాది? దిగు నువ్వు గూడా."

"నాకు ఈత రాదు వదినా. ఈ వయసులో నేర్చుకుంటానా?"

"ఇరవై ఆరేండ్లు పిల్లోళ్ళకు నేర్పిస్తివే. ఒక నెల నువ్వు నేర్చుకుంటే ఏమి పోతుంది?"

సరేనన్నాను.

మొదటి రోజు నైటీతో దిగాను. అది గాలి నింపుకుని నా చుట్టూ గుడారంలా లేచింది. దాన్ని అణచడానికి రెండు చేతులూ చాలలేదు, ఇక ఈత ఎక్కడిది? మర్నాడు బడి ఆటలపోటీలకు కొన్న ట్రాక్‌ప్యాంటు, పాత చొక్కా వేసుకున్నాను. వదిన తన చిన్నప్పుడు నడుముకు ఎండిన సొరబుర్ర కట్టేవాళ్ళంది. ఇప్పుడు సొరబుర్ర యాడ దొరుకుతుందని, ఖాళీ నూనె క్యాను తెచ్చి, మూత బిగించి, తాడుతో నా వీపుకు కట్టింది. అలా వీపున పసుపుపచ్చ క్యానుతో, యాభై నాలుగేళ్ళ సైన్సు టీచరు బావిలోకి దిగింది.

మా ఆయన చింతామణి మార్కెట్టుకు పోయాక, పది గంటల వేళ దిగేవాళ్ళం. వదిన నా కడుపు కింద అరచెయ్యి పెట్టేది. ఆ చెయ్యి ఉన్నంతసేపూ తేలేదాన్ని, తీస్తే మునిగేదాన్ని. ముక్కులోకి నీళ్ళు పోయి నుదురు భగ్గుమనేది. "నీళ్ళను కొట్టొద్దమ్మా, తొయ్యి. కోపమేంటికి దాని మీద?" అనేది వదిన. రెండు వారాలు గడిచినా మెట్టు వదిలి మూరెడు దూరం పోలేదు. కానీ పొద్దున కళ్ళు తెరవగానే ఏ ఆలోచన వస్తోందో గమనించాను. అంతకుముందు 'ఇంకో రోజు' అనుకుని దుప్పటి కప్పుకునేదాన్ని. ఇప్పుడు నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో, ఆ మూల గూట్లో గుడ్లు పెట్టిందో లేదో అనుకుంటూ లేస్తున్నాను.

ఒకరోజు మెట్టుకు నాలుగడుగుల దూరంలో తంటాలు పడుతున్నాను. జారిన రాళ్ళ సందులోంచి పాము ఒకటి నీళ్ళలోకి దిగింది. తల పైకెత్తి, తిన్నగా నావైపు వచ్చింది.

"కదలొద్దు," అంది వదిన, మెట్టు మీది నుంచి, మెల్లగా. "నీళ్ళపామది. విషం లేదు. దాని పని మీద అది పోతాంది. నువ్వు సుమ్మనే ఉండు."

సుమ్మనే ఉన్నాను. చేతులు ఆడించలేదు, కాళ్ళు తన్నలేదు. ఊపిరి బిగబట్టి ఆ పామునే చూశాను. ఒంటి మీద చదరంగం గళ్ళలా మచ్చలు, చిన్న నల్లటి నాలుక. నా భుజం పక్కన జానెడు దూరంలో వంకరలు తిరుగుతూ వెళ్ళి, అవతలి గోడలోకి దూరింది. అప్పుడు వదిన నవ్వు వినిపించింది.

"ఇంతసేపూ ఏమి చేస్తాండావు నువ్వు?"

"ఏమీ చేయలేదు."

"తేలుతాండావు. క్యాను ముడి ఎప్పుడో ఊడింది. అదో చూడు."

పసుపుపచ్చ క్యాను బావి మూలన ఒంటరిగా తిరుగుతోంది. అది చూడగానే మునిగి ఒక గుక్క తాగాను. కానీ ఆ తర్వాత నా ఒంటికి తెలిసిపోయింది. నీళ్ళు నన్ను మోస్తాయని నమ్మకం కుదిరింది. వారంలో బావి సగం దాకా పోగలిగాను.

నన్ను బాగు చేసిందేమిటని తర్వాత చాలామంది అడిగారు. మాత్రలు మానలేదు, ఆ మాట దాచను. డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళూ వేసుకున్నాను. కానీ మాత్ర నన్ను పడిపోకుండా పట్టుకుంది, లేపింది మాత్రం ఆ బావి. ఇంట్లో ఉంటే నా మనసు రోజంతా నన్నే తవ్వుతూ ఉండేది. నేనెందుకిలా అయ్యాను, రేపు ఎలా ఉంటాను, నలుగురూ ఏమనుకుంటారు. బావిలో దిగితే పక్కన పాము, మెట్టు మీద కప్ప, తల మీద వంద పిట్టల సంసారాలు. ఏ ఒక్కదానికీ నేను బాగున్నానా లేదా అన్న పట్టింపు లేదు. నన్ను చూసి జాలిపడేది లేదు. వాటి మధ్య నేనొక పెద్ద జంతువును, అంతే. అంతకంటే హాయి నేను ఎరగను.

అక్టోబరు చివర్లో ఒకనాడు మార్కెట్టు తొందరగా ముగిసి మా ఆయన పదిన్నరకే వచ్చేశాడు. ఇంట్లో ఎవరూ లేరు. వెతుక్కుంటూ బావివైపు వచ్చి, గట్టున రెండు జతల చెప్పులు, వదిన కర్ర చూశాడు. ఆయన వేసిన కేకకు గిజిగాళ్ళన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"బయటికి రాండి! ఇద్దరూ బయటికి రాండి!"

తల ఎత్తి చూశాను. గట్టుకు పది అడుగుల దూరంలోనే నిలబడి అరుస్తున్నాడు. ముఖంలో రక్తం లేదు. ముందుకు రావడం లేదు.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని అన్నాడు. "సోమవారం జేసీబీ వస్తాది. ఎండలదాకా ఏంటికి? ఇప్పుడే పూడిపిస్తా."

"అది నా ప్రాణం నిలబెట్టింది. పూడ్చొద్దు," అన్నాను.

"ప్రాణం తీస్తాది! నేను నాలుగేండ్ల పిల్లోనిగా దాంట్లో పడినా. మా అమ్మ చెప్పింది. కూలోళ్ళెవరో దూకి తీసినారు గాబట్టి బతికినా. లేకుంటే యాడుందును నేను?"

వదిన మజ్జిగ పోసుకుంటున్నది చెంబు కింద పెట్టింది.

"కూలోళ్ళు కాదప్పా," అంది. "ఆ పొద్దు తోటలో ఎవరూ లేరు. దూకింది నేను."

మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"పదునాలుగేండ్లు నాకు. దిగొద్దని చెప్పి ఏడాదయి ఉండె. నువ్వు పడిన చప్పుడు విని దూకితి. నీ జుట్టు పట్టుకుని ఈ మెట్ల మీదికే లాక్కొస్తి. తడిసిన పావడాతో నిన్ను ఎత్తుకుని ఇంటికి పోతే, ఎదిగిన పిల్ల బావిలో దూకిందని నలుగురికీ తెలిస్తే ఎట్ల అని అమ్మ భయపడె. కూలోళ్ళు తీసినారని చెప్పె. నేనూ అట్లే ఊరుకుంటి."

ఆయన కంచం పక్కకు జరిపి, "ఇన్నేండ్లు ఏంటికి చెప్పలేదక్కా?" అన్నాడు.

"అడిగినోళ్ళెవరు?" అంది వదిన. "నిన్ను ముంచింది ఆ బావే, నిన్ను తీసే చెయ్యి నాకు నేర్పించిందీ ఆ బావే. పూడ్చేది ఉంటే రెండూ ఆలోచించి పూడ్చు."

ఆదివారం పొద్దున నేనే ఆయన్ని పిలిచాను. "ఒక్కసారి వచ్చి చూడండి. చూసినాక మీ ఇష్టం." ఆయన వచ్చి తుమ్మచెట్టు మొదలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. వదిన నా వీపుకు క్యాను కట్టబోతే వద్దన్నాను. అంతవరకూ నేను బావి మొత్తం దాటలేదు. నలభై అడుగుల వెడల్పు. సగం దాకా పోయి వెనక్కి వచ్చేయడమే అలవాటు.

ఏడో మెట్టు మీద నిలబడి గాలి పీల్చుకున్నాను. తోశాను. మొదటి పది బారలు తెలిసిన దూరం. నడుమకు వచ్చేసరికి వెనక్కి తిరగాలనిపించింది. అప్పుడు ఎదురుగా గోడ రాయి మీద కూర్చున్న లకుముకి పిట్ట కనిపించింది. నీలం రెక్కలు, ఎర్రటి పొడుగు ముక్కు. అది ఎగిరేలోపల ఆ రాయి దగ్గరికి పోవాలనుకున్నాను. దాన్నే చూస్తూ బారలు వేశాను. మూడు బారల దూరంలో ఉండగా అది సర్రుమని ఎగిరింది, దాని రెక్కల గాలి నా నుదుటికి తగిలినట్టయింది. మరుక్షణం నా వేళ్ళకు రాయి తగిలింది. పాచి పట్టిన చల్లని రాయి. ఎన్నడూ ముట్టని అవతలి గోడ.

ఊపిరి తిప్పుకుని వెనక్కి ఈదాను. ఈసారి భయం లేదు. మెట్టు పట్టుకుని పైకి చూశాను. మా ఆయన చెట్టు వదిలేసి, గట్టు అంచుకు వచ్చి నిలబడి ఉన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఇంకోసారి పోయిరా," అన్నాడు. "చూస్తా."

ఇంకోసారి పోయి వచ్చాను.

సోమవారం జేసీబీ రానే వచ్చింది. డ్రైవరు దిగి, మట్టి ఎక్కడి నుంచి తోడాలప్పా అని అడిగాడు. మా ఆయన గట్టున చెదిరి పడి ఉన్న గోడ రాళ్ళు చూపించాడు. "మట్టి వద్దు. ఈ రాళ్ళు ఎత్తి గోడ పక్కన పెట్టు. ఆ చెత్తంతా తీసెయ్యి."

"పూడ్చాలంటిరి గదప్పా?"

"పూడ్చేది కాదు. కట్టేది."

గోడ కట్టడానికి పది రోజులు పట్టింది. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ వేయించాడు. లకుముకి దూరే బొక్క ఒకటి గోడలో ఉందని నేను చూపిస్తే, దాన్ని మూయొద్దని మేస్త్రీకి తానే చెప్పాడు. ఆఖరి రోజున మెట్లు దిగి వచ్చి, మా ఇద్దరి మధ్య కూర్చుని, నీళ్ళలో పాదాలు పెట్టాడు. చేపపిల్లలు ముట్టగానే కాళ్ళు ఎత్తేశాడు. వదిన, నేను పగలబడి నవ్వాం. ఆయనా నవ్వి మళ్ళీ పెట్టాడు.

వదిన బాగేపల్లికి పోయిన తర్వాత నేనొక్కదాన్నే దిగేదాన్ని. మల్బరీ ఆకు కోసే ఆడవాళ్ళు ఇద్దరు గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు. ఒకరోజు వాళ్ళలో పెద్దామె అడిగింది.

"మిస్, మాకు గూడా నేర్పిస్తారా? మా పిల్లోళ్ళు చెరువు పక్కన ఆడుకుంటారు. ఏమన్నా అయితే దూకేదానికైనా రావాలి గదా."

ఆదివారాలు మొదలుపెట్టాను. ముందు ఇద్దరు, తర్వాత నలుగురు, ఎండలు వచ్చేసరికి తొమ్మిది మంది. తొమ్మిది క్యాన్లు గట్టున వరసగా పెట్టేవాళ్ళం. మెట్టు మీద నిలబడి, "కాలు చాచు, మోకాలు వంచొద్దు, ఊపిరి విడువు!" అని అరిచేదాన్ని. అలా అరుస్తున్న ఒక ఆదివారం నాకు తెలిసొచ్చింది, ఇది నా బడి గొంతేనని. పోయిందనుకున్న గొంతు. మర్నాడే హెడ్‌మిస్ దగ్గరికి వెళ్ళి, రజ చాలించి చేరతానని అర్జీ రాసిచ్చాను. ఆరో తరగతి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాను. లోపల పిల్లలు లేచి నిలబడ్డారు. పోయాను. పాఠం చెప్పాను. గంట కొట్టినా ఆపబుద్ధి కాలేదు. ఆ నెలలో డాక్టరమ్మ మాత్రలు సగానికి తగ్గించింది.

మే నెలలో వదిన మళ్ళీ వచ్చింది. నీళ్ళు రెండు మెట్లు దిగాయి గాని, బావి ఇంకా నిండుగానే ఉంది. నేను, ఆ తొమ్మిది మందీ నీళ్ళలో ఉన్నాం. వదిన మెట్లవైపు రాలేదు. కర్ర మా ఆయన చేతికిచ్చి, ఎద్దులతో నీళ్ళు తోడే కాలంలో బావి మీదికి చొచ్చుకునేలా వేసిన పెద్ద బండ మీద ఎక్కి నిలబడింది.

"అక్కా, ఏమి చేస్తాండావు?" అన్నాడు మా ఆయన.

"పక్కకు జరగండమ్మా అందరూ," అంది ఆమె మాతో.

గోచీ సరిచూసుకుని, ముక్కు మూసుకుని దూకింది. నీళ్ళు గట్టు దాకా లేచాయి, బావి నలువైపులా అలలు కొట్టాయి. ఒక్క క్షణం తర్వాత నెరిసిన ముడి పైకి వచ్చింది. ముడి విడిపోయి జుట్టంతా ముఖం మీద పడింది. దాన్ని రెండు చేతులా వెనక్కి తోసుకుని, మావైపు తిరిగి, ఊరంతా వినపడేలా అరిచింది.

"ఇంకెవరు? రాండి!"

నేనే ముందు మెట్లెక్కాను. నా వెనక తొమ్మిది మంది తడి బట్టలతో, నవ్వులతో ఆ బండ మీదికి వరస కట్టారు.